సున్న తగ్గితే సంగం లేదు: కోళ్ల దాణాలో అమైనో ఆమ్లాల పాఠం

హాస్టల్ మెస్‌లో గుడ్డు పెట్టే రోజు నాకు ఒక ప్రశ్న తప్పదు. "ఒరే కోళ్ల ఇంజినీరూ, ఈ గుడ్డు మీ ఊరిదేనా?" అని. మాది నెల్లూరు జిల్లా సంగం. పెన్న ఒడ్డున ఉంటుంది. నెల్లూరు నుంచి ఆత్మకూరు బస్సెక్కితే దారిలోనే వస్తుంది. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ ప్రారంభమయ్యాక పేపర్లలో మా ఊరి పేరు కాస్త కనబడింది గానీ, అంతకుముందు "ఆ పాల డెయిరీ ఉండే ఊరేనా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. కాదండీ, ఆ డెయిరీ గుంటూరు వైపుది. మాకున్నది ఒక చిన్న బ్రాయిలర్ షెడ్డు. వెయ్యి కోళ్లు పడతాయి.

ఈ వ్యాసం ఆ షెడ్డు గురించి, అందులో నేను చేసిన ఒక తప్పు లెక్క గురించి. ఆ తప్పు వెనక ఉన్న శాస్త్రం నిజానికి ఇంటర్ బయాలజీ పుస్తకంలో అర పేజీ. నేను ఎంపీసీ కాబట్టి ఆ అర పేజీ కూడా చదవలేదు. దాని ఫీజు మా నాయన కట్టాడు.

2021లో ఏం జరిగింది

కోళ్ల పెంపకంలో పెట్టే ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. దాణాలో రెండు పెద్ద సరుకులుంటాయి. ఒకటి మొక్కజొన్న, ఇది శక్తి కోసం. రెండోది సోయా చెక్క, ఇది ప్రొటీన్ కోసం. 2021 ఎండాకాలం నుంచి సోయా చెక్క రేటు ఆకాశానికి పోయింది. దేశమంతా కోళ్ల రైతులు గగ్గోలు పెడితే, ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో దీన్నిబట్టి ఊహించుకోండి.

నేను అప్పుడు ఇంటర్ అయిపోయి, ఎంట్రన్స్ రాసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. రెడీమేడ్ దాణా బస్తా రేటు చూసి నాయన తల పట్టుకున్నాడు. పిల్లలకు మొదటి మూడు వారాలు కొన్న దాణానే పెట్టి, ఆ తర్వాత సొంతంగా కలుపుకుందామని అనుకున్నాం. సోయా బదులు వేరుశనగ చెక్క వేస్తే ఎట్లుంటుంది? అది చాలా చవగ్గా దొరుకుతోంది. బస్తా మీద "ప్రొటీన్ 45 శాతం" అని ఉంది. సోయా చెక్క బస్తా మీదా 45 శాతమే.

నాయన కాస్త తటపటాయించాడు. "నువ్వు చదువుకున్నోడివి, లెక్కెయ్ అబ్బయ్యా" అన్నాడు. నేను పావుగంటలో లెక్క తేల్చేశాను. 100 కిలోల దాణాలో మొక్కజొన్న 60 కిలోలు, చెక్క 33 కిలోలు, మిగతా 7 కిలోలు నూనె, ఖనిజ లవణాలు, విటమిన్లు, ఉప్పు. మొక్కజొన్నలో ప్రొటీన్ 8.5 శాతం కాబట్టి దాని నుంచి 5.1 కిలోలు. చెక్క నుంచి 14.85 కిలోలు. మొత్తం 19.95. అంటే 20 శాతం. ఆ వయసు కోడికి కావలసిందీ 20 శాతమే. సోయా వేసినా అంతే, వేరుశనగ వేసినా అంతే. "రెండూ ఒకటే నాయనా" అని గట్టిగా చెప్పాను.

పది రోజులు తిరక్కుండానే నాయన అన్నాడు: "తినేది తింటున్నాయిరా, కూడుకోవడం లేదు." ఈకలు పలచగా, చెదిరినట్టు ఉన్నాయి. తెల్లారి షెడ్డు పరదా ఎత్తితే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండాయి. కింద పరిచిన ఊక తడి తడిగా ముద్ద కట్టింది. 42వ రోజున తూకం వేస్తే కోడికి సగటున కిలోన్నర. అంతకుముందు బ్యాచ్‌లన్నీ 2.1 కిలోల దగ్గర ఉండేవి. తిన్న దాణాలో మాత్రం పెద్దగా తేడా లేదు, కోడికి 3.6 కిలోలు. అంటే ఒక కిలో మాంసానికి ఇంతకుముందు ఒకటిముప్పావు కిలో దాణా పడితే, ఇప్పుడు 2.4 కిలోలు పడింది. వెయ్యి కోళ్ల మీద 600 కిలోల బరువు పోయింది. కోసిన చికెన్ షాపు అన్న కూడా "రొమ్ము కండ లేదు, కడుపు నిండా కొవ్వే" అని సణిగాడు.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

డాక్టరు గారి ప్రశ్న

ముందు రోగం అనుకున్నాం. పశువుల డాక్టరు గారు వచ్చి రెండు కోళ్లను కోసి చూశారు. రోగం లేదన్నారు. దాణా ఏంటని అడిగితే నా కాగితం చూపించాను. చూసి, నవ్వకుండా అడిగారు: "ప్రొటీన్ ఎంత అని రాశావు, బాగానే ఉంది. ఏ ప్రొటీన్?"

ప్రొటీన్లలో మళ్లీ ఏ ప్రొటీన్ ఏంటి? నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం మా ఊరి పేరే దానికి సరైన ఉదాహరణ అనిపించింది. ఇదిగో ఇలా.

మన క్లబ్ ఫంక్షన్‌కు స్టేజీ మీద అంటించడానికి థర్మాకోల్ అక్షరాలు కత్తిరిస్తాం కదా. ఈసారి "సంగం" అనే మాటను వీలైనన్నిసార్లు అంటించాలనుకుందాం. ఒక్క సంగానికి ఒక స, ఒక గ, రెండు సున్నలు కావాలి. మీ డబ్బాలో 100 స, 100 గ, 40 సున్నలు ఉన్నాయి. ఎన్ని సంగాలు వస్తాయి? ఇరవై. సున్నలు అయిపోయిన చోట పని ఆగిపోతుంది. 80 స, 80 గ ఉత్తినే మిగిలిపోతాయి. ఇంకో వంద స తెచ్చి పోసినా ఇరవై ఒకటో సంగం రాదు. రెండు సున్నలు తెస్తే వస్తుంది.

ప్రొటీన్ కూడా అక్షరాలు కూర్చిన మాటే. ఆ అక్షరాలే అమైనో ఆమ్లాలు, మొత్తం 20 రకాలు. కోడి చెక్కలోని ప్రొటీన్‌ను నేరుగా కండగా మార్చుకోదు. కడుపులో, పేగులో దాన్ని విడి అక్షరాలుగా విప్పేసి, వాటితో తనకు కావలసిన మాటలు మళ్లీ కూర్చుకుంటుంది. రొమ్ము కండ ఒక మాట, ఈక ఒక మాట, గుడ్డులో తెల్లసొన ఒక మాట. ఏ మాటకు ఏ అక్షరం ఎన్నిసార్లు అన్నది దాని జన్యువుల్లో రాసిపెట్టి ఉంటుంది. ఒక అక్షరం లేదని దాని స్థానంలో ఇంకొకటి పెట్టడానికి వీల్లేదు.

బస్తా మీది "ప్రొటీన్ 45 శాతం" డబ్బాలోని అక్షరాల మొత్తం బరువు మాత్రమే. అందులో సున్నలు ఎన్నో అది చెప్పదు.

ఏ అక్షరాలు బయటినుంచే రావాలి?

ఇరవైలో కొన్నింటిని కోడి తన ఒంట్లోనే తయారుచేసుకోగలదు. మిగతావి దాణాలో ఉండి తీరాలి. వీటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలు అంటారు. కోడికి అవి ఇవి: లైసిన్, మిథియోనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్, హిస్టిడిన్, ఫినైల్ అలనిన్, ఆర్జినిన్. వీటిలో ఆర్జినిన్ మనుషులకూ కోళ్లకూ తేడా చూపిస్తుంది. మన ఒంట్లో వృథా నత్రజని యూరియాగా మారే చక్రంలో ఆర్జినిన్ తయారవుతుంది. పక్షుల్లో ఆ చక్రం పూర్తిగా ఉండదు. అవి నత్రజనిని యూరిక్ ఆమ్లంగా వదిలేస్తాయి (కోడి రెట్టలో తెల్లగా కనిపించేది అదే). అందుకే కోడికి ఆర్జినిన్ బయటినుంచే రావాలి.

ఈ విషయాలు ఒక్క రోజులో తేలినవి కావు. 1914లో అమెరికాలో ఆస్‌బోర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకు ప్రొటీన్‌గా మొక్కజొన్నలో ఉండే జెయిన్ ఒక్కటే పెట్టి చూశారు. అవి ఎదగలేదు. లైసిన్, ట్రిప్టోఫాన్ కలిపి పెడితే ఎదిగాయి. మన 20 అక్షరాల్లో చివరిది, త్రియోనిన్, 1935లో విలియం రోజ్ చేతికి చిక్కింది. అంటే ఈ అక్షరమాల పూర్తయి వందేళ్లు కూడా కాలేదు.

మన పెద్దవాళ్లకు మాత్రం అక్షరాల పేర్లు తెలియకపోయినా కూర్పు తెలుసు. బియ్యంలో లైసిన్ తక్కువ. కందిపప్పులో లైసిన్ ఎక్కువ, మిథియోనిన్ తక్కువ. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఇడ్లీలో మినప్పప్పు, పొంగలిలో పెసరపప్పు కూడా అదే పని చేస్తాయి. మొక్కజొన్న, సోయా చెక్క జత కోళ్లకు పప్పన్నం లాంటిది. నేను ఆ పప్పన్నంలో పప్పు మార్చేశాను, బరువు ఒకటే కదా అని.

లెక్క మళ్లీ వేద్దాం

ఇప్పుడు అదే 100 కిలోల దాణాను అక్షరాల వారీగా చూద్దాం. సుమారు విలువలు ఇవి:

మొక్కజొన్నలో లైసిన్ 0.25 శాతం, మిథియోనిన్ 0.18 శాతం.
సోయా చెక్కలో లైసిన్ 2.8 శాతం, మిథియోనిన్ 0.63 శాతం.
వేరుశనగ చెక్కలో లైసిన్ 1.5 శాతం, మిథియోనిన్ 0.45 శాతం.

మూడు నుంచి ఆరు వారాల బ్రాయిలర్‌కు అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994 పట్టిక ప్రకారం లైసిన్ 1.00 శాతం, మిథియోనిన్ 0.38 శాతం, త్రియోనిన్ 0.74 శాతం కావాలి.

సోయా దాణా: లైసిన్ మొక్కజొన్న నుంచి 0.15, సోయా నుంచి 0.92, మొత్తం 1.07. సరిపోయింది. మిథియోనిన్ 0.11, 0.21 కలిపితే 0.32. కొద్దిగా తక్కువ.

నా వేరుశనగ దాణా: లైసిన్ 0.15, 0.50 కలిపి 0.65. కావలసినదాంట్లో మూడింట రెండు వంతులు కూడా లేదు. మిథియోనిన్ 0.11, 0.15 కలిపి 0.26. ఇదీ మూడింట రెండు వంతులే.

రెండు దాణాల్లోనూ ప్రొటీన్ 19.95 శాతం. అదే కాగితం, అదే అంకె. లోపల మాత్రం ఒక డబ్బాలో సున్నలున్నాయి, ఇంకోదాంట్లో లేవు.

మన భాషలో చెప్పాలంటే ప్రొటీన్ శాతం సెమిస్టర్ అగ్రిగేట్ లాంటిది. అగ్రిగేట్ 75 శాతం వచ్చినా ఒక్క సబ్జెక్ట్ పోతే బ్యాక్‌లాగ్ బ్యాక్‌లాగే. ఇంగ్లీషులో వచ్చిన 95 మార్కుల్లోంచి ఓ 20 తీసి ఎం-3లో వేయమంటే ఎవరూ వేయరు. కోడి ఒళ్లు కూడా వేయదు. ఇలా అందరికన్నా ముందు అయిపోయి పనిని ఆపేసే అమైనో ఆమ్లాన్ని పరిమితం చేసే అమైనో ఆమ్లం అంటారు. మొక్కజొన్న, సోయా దాణాలో మొదట ఆగేది మిథియోనిన్ దగ్గర, తర్వాత లైసిన్, ఆ తర్వాత త్రియోనిన్. సరుకు మారితే ఈ వరసా మారుతుంది. నా దాణాలో లైసిన్ ముందుకొచ్చింది.

మా కోళ్ల ఈకలు ఎందుకు చెదిరాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈక అంతా కెరాటిన్. కెరాటిన్‌కు గంధకం ఉండే సిస్టీన్ బాగా కావాలి. సిస్టీన్‌ను కోడి మిథియోనిన్ నుంచి తయారుచేసుకోగలదు గానీ, సిస్టీన్ నుంచి మిథియోనిన్‌ను చేసుకోలేదు. మిథియోనిన్ తగ్గితే ఆ కరువు ఈకల్లో కళ్లకు కనబడుతుంది.

మిగిలిపోయిన అక్షరాలు ఎక్కడికి పోయాయి?

థర్మాకోల్ అయితే మిగిలిన 80 స లను వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. కోడికి ఆ సౌకర్యం లేదు. కొవ్వును దాచుకున్నట్టు అమైనో ఆమ్లాలను దాచుకోవడానికి ఒంట్లో గిడ్డంగి లేదు. జత కుదరని వాటిని విరగ్గొట్టాల్సిందే. అందులోని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపాలి. మిగిలిన భాగం శక్తిగా ఖర్చవుతుంది, లేదా కొవ్వుగా కూడుకుంటుంది. షాపు అన్న చూసిన కడుపు కొవ్వు ఇదే.

రెట్టలో వచ్చిన యూరిక్ ఆమ్లాన్ని ఊకలోని సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. తెల్లారి మా కళ్లు మండించింది అదే. మనుషులం కాసేపు నిలబడి బయటికి వచ్చేస్తాం, కోళ్లు ఇరవై నాలుగ్గంటలూ అందులోనే ఉంటాయి. నత్రజనిని బయటికి పంపడానికి కోడి నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంది. ఊక తడవడానికి అదొక కారణం. అంటే డబ్బులు పెట్టి కొన్న ప్రొటీన్‌ను మేం అమ్మోనియాగా మార్చి గాల్లో వదిలాం.

ఇందులోనే మంచి కబురూ ఉంది. తగ్గిన అక్షరాలను మాత్రం విడిగా కలిపితే మొత్తం ప్రొటీన్‌ను కాస్త తగ్గించినా కోడి బాగానే పెరుగుతుంది. అలా దాణాలో ప్రొటీన్ ఒక్క శాతం తగ్గిస్తే రెట్టలో పోయే నత్రజని దాదాపు పదో వంతు తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి.

నెల్లూరు ఎండల్లో ఇది ఇంకా ముఖ్యం. రోహిణీ కార్తెలో మా షెడ్డులో కోళ్లు నోళ్లు తెరిచి ఎగపోస్తుంటాయి. కోడికి చెమట గ్రంథులు లేవు. వేడికి అది తిండి తగ్గించేస్తుంది. తినేది తగ్గితే ప్రతి గ్రాములో ఉండాల్సిన లైసిన్, మిథియోనిన్ పెరగాలి. అలాగని గుడ్డిగా చెక్క పెంచితే, జత కుదరని అమైనో ఆమ్లాలను విరగ్గొట్టే పనిలో ఒంట్లో ఇంకాస్త వేడి పుడుతుంది. ఎండాకాలం దాణాలో ప్రొటీన్ మొత్తం కన్నా కూర్పు మీద కన్ను ఉండాలి.

ప్రొటీన్ శాతాన్ని ఎవరు కొలిచారు?

డెన్మార్క్‌లో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త 1883లో ఒక పద్ధతి కనిపెట్టాడు. సరుకును గంధకామ్లంలో ఉడికించి అందులోని నత్రజనిని కొలవడం. ప్రొటీన్‌లో నత్రజని సుమారు 16 శాతం కాబట్టి, వచ్చిన అంకెను 6.25తో గుణిస్తే ప్రొటీన్ శాతం. దీన్నే ముడి ప్రొటీన్ అంటారు. చవక, నమ్మకమైన పద్ధతి. అయితే అది చూసేది నత్రజనిని మాత్రమే. అక్షరాలను చదవదు.

ఈ గుడ్డితనాన్ని మోసగాళ్లు కూడా వాడుకుంటారు. చేపల పొడిలో యూరియా కలిపితే పరీక్షలో ప్రొటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది. 2008లో చైనాలో పాలల్లో మెలమిన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసిన ఘోరం వెనక ఉన్నదీ ఇదే కిటుకు. మాకు చెక్క అమ్మినతను ఏ మోసమూ చేయలేదు. బస్తా మీది 45 నిజంగానే 45. ఆ అంకెను తప్పుగా చదివింది నేను.

కంప్యూటర్ కూడా నాలాగే చేసింది

ఇంజినీరింగ్ రెండో ఏడాది ఆపరేషన్స్ రీసెర్చ్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్ వచ్చింది. పాఠంలో "డైట్ ప్రాబ్లమ్" అనగానే సీట్లో నిటారుగా కూర్చున్నాను. మనిషికి కావలసిన పోషకాలన్నీ అందేలా అతి తక్కువ ఖర్చుతో తిండి ఎలా కూర్చాలి అన్నది 1945లో జార్జ్ స్టిగ్లర్ వేసుకున్న ప్రశ్న. 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు. 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక దాన్ని పరీక్షించడానికి ఇదే లెక్క తీసుకున్నారు. అప్పుడు చేతి యంత్రాలతో తొమ్మిది మంది గుమస్తాలు కలిసి చేసినా 120 పనిదినాలు పట్టిందట. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, 1951లో, ఫ్రెడరిక్ వా అనే ఆయన పాడి పశువుల దాణాకు ఇదే పద్ధతి వాడి చూపించాడు. ఇప్పుడు దాణా కంపెనీలన్నిటికీ ఇది రోజువారీ పని.

నేను ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి మా షెడ్డు లెక్క పెట్టాను. ఖర్చు అతి తక్కువ కావాలి. షరతులు రెండే: శక్తి ఇంత, ప్రొటీన్ 20 శాతం. సాల్వర్ నొక్కితే సెకనులో జవాబు వచ్చింది. సోయా సున్నా. మొత్తం వేరుశనగ చెక్క. 2021లో నేను నాయనకు రాసిచ్చిన కాగితమే తెర మీద కనిపించింది.

కాసేపు నవ్వొచ్చింది, కాసేపు సిగ్గేసింది. కంప్యూటర్‌ది తప్పు కాదు. నేను అడిగింది ప్రొటీన్, అది ఇచ్చిందీ ప్రొటీనే. తర్వాత ఇంకో మూడు షరతులు చేర్చాను: లైసిన్, మిథియోనిన్, త్రియోనిన్. వెంటనే సోయా తిరిగి వచ్చింది, వేరుశనగ వాటా బాగా తగ్గింది. తరగతిలో మాకు ఆబ్జెక్టివ్ ఫంక్షన్ మీదే ధ్యాస. కానీ జవాబు మంచీ చెడూ తేల్చేవి షరతులు. రాయని షరతును ఏ కంప్యూటరూ పాటించదు.

విడి అక్షరాలు ఎక్కడ దొరుకుతాయి?

"లైసిన్ పొడి", "మిథియోనిన్ పొడి" అనగానే నాయన మొదట భయపడ్డాడు. "మందులేమో, హార్మోన్లేమో, మనకెందుకులే" అన్నాడు. చాలామందికి ఉన్న అనుమానమే ఇది. ఇవి మందులూ కావు, హార్మోన్లూ కావు. చెక్కలో ఉండే అక్షరాలే, విడిగా దొరుకుతాయి అంతే.

తయారీలో మాత్రం ఒక చక్కటి తేడా ఉంది, కెమికల్ బ్రాంచి మిత్రులకు నచ్చుతుంది. మిథియోనిన్‌ను ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో తయారుచేస్తారు. అలా చేస్తే ఎల్, డి అనే రెండు రూపాలూ సగం సగం వస్తాయి, అద్దంలో బొమ్మల్లాగా. కోడి డి రూపాన్ని ఎల్‌గా మార్చుకోగలదు కాబట్టి ఇబ్బంది లేదు. లైసిన్ విషయంలో కోడికి ఆ శక్తి లేదు, ఎల్ రూపమే కావాలి. అందుకే లైసిన్‌ను సూక్ష్మజీవులతో చేయిస్తారు. 1950లలో జపాన్‌లో దొరికిన కొరినెబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియాకు చక్కెర పెట్టి పులియబెడితే అది ఎల్ రూపం మాత్రమే ఇస్తుంది. మన ఇంట్లో ఇడ్లీ పిండి పులిసినట్టే, కాకపోతే తొట్టె కాస్త పెద్దది.

తర్వాత బ్యాచ్

డాక్టరు గారి సలహాతో తర్వాత బ్యాచ్‌కు ఇలా కలిపాం. 100 కిలోలకు మొక్కజొన్న 60, సోయా 25, వేరుశనగ చెక్క 8, మిగతా 7 మామూలే. ప్రొటీన్ మళ్లీ 19.95. లైసిన్ 0.97, మిథియోనిన్ 0.30, త్రియోనిన్ 0.71 దాకా వచ్చాయి. లోటు తీర్చడానికి లైసిన్ పొడి 40 గ్రాములు, మిథియోనిన్ 80 గ్రాములు, త్రియోనిన్ 30 గ్రాములు. మొత్తం 150 గ్రాములు, ఒక చిన్న గ్లాసెడు. బ్యాచ్ సగటు మళ్లీ 2.1 కిలోలకు చేరింది.

"అట్టయితే మొత్తం వేరుశనగే వేసి, లైసిన్, మిథియోనిన్ ఎక్కువ పోస్తే సరిపోదా?" అని నాయన అడిగాడు. మంచి ప్రశ్న. ఆ రెండూ నింపితే లోటు త్రియోనిన్ దగ్గర బయటపడుతుంది. వేరుశనగ దాణాలో అది 0.57 దగ్గరే ఉంటుంది. అదీ నింపితే ఇంకొకటి. ఒక్కో బ్యాక్‌లాగ్ క్లియర్ చేస్తుంటే ఇంకోటి బయటపడ్డట్టు. పైగా తేమ తగిలిన వేరుశనగ చెక్కలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ విషం చేరే ప్రమాదం ఉంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వేరుశనగ చెక్కలో ఉందని తేలింది. ఆ విషం ప్రపంచానికి తెలిసిందే అలా.

సొంతంగా దాణా కలిపేవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన మిత్రులకు మూడు జాగ్రత్తలు.

ఒకటి, 80 గ్రాములను 100 కిలోల్లో నేరుగా చల్లేస్తే కొన్ని కోళ్లకే దొరుకుతుంది. ముందు ఒక కిలో మొక్కజొన్న పిండిలో, తర్వాత పది కిలోల్లో, ఆ తర్వాత మొత్తంలో కలపాలి.

రెండు, పట్టికలో ఉన్న లైసిన్ అంతా కోడికి అందదు. సోయా సరిగ్గా వేగకపోతే అందులోని ట్రిప్సిన్ నిరోధకం అరుగుదలను అడ్డుకుంటుంది. మాడిపోతే లైసిన్ చక్కెరలతో అంటుకుపోయి పనికిరాకుండా పోతుంది. అందుకే ఇప్పుడు అరిగే అమైనో ఆమ్లాల లెక్కే వాడుతున్నారు.

మూడు, నేను చెప్పిన అంకెలు పాఠం అర్థం కావడానికి. 1994 పట్టిక కనీస అవసరం చెబుతుంది, ఇప్పటి జాతులు అంతకన్నా వేగంగా పెరుగుతాయి, వాటికి ఇంకా ఎక్కువ కావాలి. మీ షెడ్డుకు మీ డాక్టరు గారిని అడిగి, చెక్కను ల్యాబ్‌కు పంపి కలుపుకోండి.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసలో ఉండే రాష్ట్రం మనది. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్, 1982లో నెక్ స్థాపనకు నడుం కట్టిన బండా వాసుదేవరావు గారు మన తెలుగువారు. కోళ్ల పరిశోధనకు దేశానికంతా కేంద్రమైన సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. ఇంత దగ్గర్లో ఇంత విద్య ఉండి కూడా, మాలాంటి చిన్న షెడ్డు దాకా వచ్చేసరికి బస్తా మీది ఒక్క అంకే మిగులుతోంది. మనలో ఎవరైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఐడియా వెతుక్కుంటుంటే, ఊళ్లో దొరికే చెక్కల పేర్లు, రేట్లు వేస్తే దాణా కూర్పు తెలుగులో చెప్పే ఒక చిన్న యాప్ చేయండి. షరతుల్లో లైసిన్ మర్చిపోవద్దు.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయనతో పాటు చెక్క కొట్టుకు వెళ్లాను. కొట్టతను ఎప్పటిలాగే "ప్రొటీన్ 45 అన్నా, ఫస్ట్ క్లాస్ మాల్" అన్నాడు. నాయన బస్తా మీద చెయ్యి వేసి "అది సరేలే, లైసిన్ ఎంత?" అన్నాడు. కొట్టతను నా వంక చూశాడు. నేను బస్తాల వంక చూశాను.

దారిలో నా రిజల్ట్స్ గురించి అడిగాడు. "అగ్రిగేట్ 78 వచ్చింది నాయనా" అన్నాను కాస్త గర్వంగా.

"పర్సెంటేజీ బాగానే ఉంది అబ్బయ్యా" అన్నాడు బండి నడుపుతూనే. "తగ్గిన సబ్జెక్టు ఏది?"